‘ఎందుకు’ గడి ఖాళీగా ఉంది

మా గల్లీ ఆపా పోయారు. శనగ కాయ పట్టే రోజులు, పొద్దున పూట ఇంకా చలిగానే ఉంది. ఫ్యాక్టరీ బస్సు కోసం హైవే పక్కన నిలబడి ఉంటే ఆపా తమ్ముడు ఫోన్ చేశారు. “బేటా, ఆపా పోయింది,” అన్నారు. బస్సు వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. పొమ్మని చెయ్యి ఊపాను. ముంబై వైపు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఇంటికి నడిచి రావడానికి నాకు చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్లు జనాజా ఎత్తుకున్నారు. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు పోరు. అందరితో పాటు నేనూ గేటు దగ్గరే ఆగిపోయాను. మా గల్లీ చివర పిండిగిర్ని ఉంది. అక్కడ మలుపు తిరిగేదాకా చూశాను. గిర్ని వాడు మోటారు ఆపేసి, ఒంటి మీది పిండి దులుపుకుని, తనూ వెనక నడిచాడు. గిర్ని చప్పుడు లేని గల్లీ నాకు తెలియదు. ఆ నిశ్శబ్దంలో వెనక్కి తిరిగితే ఆపా చెప్పులు గడప పక్కన ఉన్నాయి, ఎప్పటిలాగే ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ.

మీకు ఆపా తెలియదు కదా, చెబుతాను. జహీరాబాద్‌లో సర్కారు బడిలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబంతోనే ఉండేవారు. ఆపా అంటే అక్క. మా అమ్మ ఆమెను ఆపా అనేది, నేనూ ఆపా అనేదాన్ని, మా పిల్లలూ ఆపా అనే అంటారు. వరసలు చూసేవాళ్లకు ఇది తలనొప్పి. “నాకు మీ అమ్మ చెల్లె, నువ్వు చెల్లె, నీ బిడ్డ కూడ చెల్లెనే. మంచిగున్నది, నేను ముసలిదాన్ని గానక్కర లేదు,” అనేవారు.

నాకు బడిలో ఆపా పాఠం చెప్పలేదు. నాకు ఆమె నేర్పింది పట్టికలు వేయడం. అదీ తల నెరవడం మొదలయ్యాక. నవ్వకండి. నేను ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను, పొద్దున మీటింగుకు చార్టులు తయారుచేయడమే నా ఉద్యోగం. కాబట్టి పట్టికల గురించి ఇంకొకరు నాకు చెప్పేదేముందిలే అనుకునేదాన్ని.

ఇదంతా వికీతో మొదలైంది. మా వైపు ఊళ్ల గురించి కొందరు ఉత్సాహవంతులు కలిసి నడిపే చిన్న తెలుగు వికీ ఒకటుంది. ఎవరైనా పేజీ రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఎవరిని అడిగి తెలుసుకున్నామో రాస్తే చాలు. ఆపాకు తమ్ముడి కొడుకు ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. ఆమె అందులో తను పనిచేసిన ఊళ్ల పేజీలు వెతుక్కున్నారు. ఝరాసంగం దగ్గర ఒక ఊరి పేజీలో ‘ప్రధాన పంట: జొన్న’ అని ఉంది. అంతే, ఇంకో ముక్క లేదు. ఇంకో ఊరి పేజీలోనూ అదే. ఆ ఆదివారం ఆపా మా ఇంటికి గాలిదుమారంలా వచ్చారు.

“గా ఊర్లె జొన్న ఒక్కటే తిని బతుకుతున్నరా? ఒక్క చేన్ల ఎన్ని రకాలు ఏస్తరో గీ రాసినాయన ఎన్నడన్న చూసిండా? నువ్వు ఫ్యాక్టరీల చార్టులు చేస్తవంట గదా. లే, చెయ్యి.”

నేను చేశాను. రంగురంగుల గుండ్రటి చార్టు. జొన్న ఇంత, కంది ఇంత, పెసర ఇంత అని ముక్కలు కోసి, మీటింగులో మా మేనేజరు మెచ్చుకునే రకంగా తయారుచేసి చూపించాను. ఆపా కళ్లజోడు పైకెత్తి, కిందకు దించి, మళ్లీ పైకెత్తి చూశారు.

“మంచిగున్నది బేటా. రొట్టె లెక్క ఉన్నది. మరి చేను గిట్ల ఉంటదా? కంది ఒక మూలకు, పెసర ఒక మూలకు కూసుంటయా? అవి ఒకదాని పక్కన ఒకటి నిలబడ్తయి గదా.”

“చార్టు అంటే గంతే ఆపా. అర్థమైతే చాలు,” అన్నాను.

“తప్పు అర్థమైతే?”

నాకు ఒళ్లు మండింది. నా ఉద్యోగం నాకు నేర్పుతున్నారే అనిపించింది. ఆ పూట చాయ్ కూడా సరిగా ఇవ్వలేదు ఆమెకు. మరుసటి ఆదివారం ఆమె ఇంటికి నేనే పోయాను. ఆ గుండ్రటి చార్టు తీసేసి, చేను ఎట్లా ఉంటుందో అట్లాగే అడ్డపట్టీలు గీశాం. జొన్న పట్టీలు కొన్ని, మధ్యలో ఒక కంది పట్టీ, మళ్లీ జొన్న. రంగులు ఆపా చెప్పారు. కందికి కంది పూవు పసుపు, అవిసెకు అవిసె పూవు నీలం, గట్టు మీది కుసుమకు ఆ ఎర్రటి పసుపు. ఆ నీలం ఎంతకూ కుదరలేదు. “గంత ముదురు కాదు, జర తేల్చు, ఇంకా జర,” అంటూ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కుదిరాక “హా” అన్నారు. ఆపా ‘హా’ అనడంలో ఒక తీరు ఉండేది. చిన్నగా, తల ఊపకుండా, గొంతులోనే. దానికోసం నేను ఎంత పనైనా చేసేదాన్ని. ఫ్యాక్టరీలో జీతమిస్తారు గానీ ‘హా’ అనేవాళ్లు లేరు.

పట్టీల బొమ్మ తర్వాత పట్టిక మొదలుపెట్టాం. వికీలో పట్టిక అంటే ఫ్యాక్టరీలో మాదిరి గడులు ముందే గీసి ఉండవు. ఒక్కో గడికి ముందు ఒక నిలువు గీత మనమే పెట్టాలి. ఆ గీతను ఆపా గట్టు అనేవారు. “రెండు చేన్ల నడుమ గట్టు ఉన్నట్టు రెండు గడుల నడుమ గట్టు. మరిచిపోయినవా, పక్కోని చేను నీ చేన్లకు జరిగొస్తది.” ఈ మాట చెప్పిన ఆపాయే మొదటి వారం, ఒకే గడిలో ఉండాల్సిన ఊరి పేరుకూ పిన్‌కోడుకూ నడుమ ఒక గట్టు ఎక్కువ పెట్టారు. ఊరి పిన్‌కోడు పోయి ‘ఏం వేస్తారు’ కింద కూర్చుంది. శనగలు పోయి ‘ఎక్కడ వేస్తారు’ కింద. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. “ఆపా, మీ ఊళ్లె పిన్‌కోడులు విత్తుతున్నరు!” అంటే, “నవ్వు నవ్వు. ఒక్క గట్టు ఎక్కువైతే ఊరంత జరిగిపోయింది చూసినవా?” అని తనూ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ ఎక్కువైన గీత ఎక్కడుందో వెతికాం.

మా పట్టికలో ముందు ఊరు. తర్వాత ఏం వేస్తారు, ఎక్కడ వేస్తారు. ఆ పక్కన ‘ఎందుకు’. చివరి గడిలో ఎవరు చెప్పారు, ఎవరు అడిగారు. ‘ఎందుకు’ అనేది వద్దని నేను చాలా గొడవ చేశాను. పట్టికలో అంకెలుంటాయి, పేర్లుంటాయి, కారణాలుంటాయా ఎక్కడైనా? ఆపా వినలేదు. “అదే అసలు గడి. మిగిలినయన్ని దాని కోసమే,” అన్నారు.

దానికోసం ఊళ్లు తిరిగాం. ఆదివారం పొద్దున్నే షేర్ ఆటోలో వెనక సీట్లో ఇరుక్కుని, ఒడిలో ఎవరిదో అల్లం బస్తా పెట్టుకుని, ఝరాసంగం వైపో న్యాల్‌కల్ వైపో పోయేవాళ్లం. చేనులో కనబడిన ఆడవాళ్లనల్లా ఆపా అడిగేవారు. జొన్నలో పెసర ఎందుకమ్మా? జొన్న చేతికి వచ్చేలోపు తినడానికి. శనగ చుట్టూ కుసుమ ఎందుకు? ముళ్లుంటాయి గదా, గొడ్లు లోపలికి రావు. కంది సాళ్లలో పుంటికూర ఎందుకు? కలుపు తీసే రోజుల్లో కూరకు ఊళ్లోకి పోయే తీరిక ఎవరికుంది? ఈ చివరి జవాబు విని ఆపా నడిచే చోటే నిలబడిపోయారు. “బేటా, గిది ఏ పుస్తకంల దొరుకుతది?” అన్నారు. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది.

ఇంటికొచ్చి నేను గబగబా టైపు చేస్తుంటే ప్రతి గడి దగ్గరా ఒకటే ప్రశ్న. “అడిగినవా?” ఈ ఊళ్లోనూ కుసుమ ముళ్ల కోసమే అయి ఉంటుంది ఆపా, రాసేద్దాం అంటే, “అడిగినవా?” పక్క ఊరే గదా ఆపా, తేడా ఏముంటుంది అంటే, “అడిగినవా?” అడగకపోతే గడి ఖాళీగా ఉంచాలి. సున్నా పెట్టకూడదు, ‘లేదు’ అని రాయకూడదు, గీత గీయకూడదు. ఖాళీ. అట్లాగని ఆ గడిని తీసేయనూకూడదు. ఖాళీ గడికీ గట్టు ఉండాల్సిందే.

ఇంకో అలవాటు ఉండేది మాకు. పేజీ సేవ్ చేసే ముందు ఒకరు గడిగడీ పైకి చదవాలి, ఇంకొకరు వినాలి. ఆపా కళ్లకు మోతియా, అదే శుక్లాలు, వచ్చి అక్షరాలు మసకబారాక చదివే పని నాదైంది. ఆమె కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి, ఒక్కో గడికీ ‘హా’ అనేవారు. ఖాళీ గడి వస్తే నేను ఊరుకుని పక్కదానికి పోయేదాన్ని. వెంటనే కళ్లు తెరిచేవారు.

“ఒకటి ఇడిచినవ్.”

“ఖాళీ ఆపా. ఏమున్నదని చదవాలె?”

“ఖాళీ అని చదువు.”

“ఖాళీ.”

“హా.”

ఇక ఆ అవ్వ సంగతి చెప్పాలి. ఆ అవ్వ లేకపోతే నేనిది రాసేదాన్నే కాదు. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక ఎక్కడ మొదలవుతుందో చేనుకే తెలియని చోట, నల్లరేగడిలో ఆమెకు చిన్న చేను ఉంది. యాసంగి జొన్న వేస్తుంది. ఒంటరిది. మాట సగం తెలుగు, కొంత కన్నడం, అప్పుడప్పుడు మరాఠీ, మిగిలింది తిట్లు. మేం మొదటిసారి పోయేసరికి కోతలు అయిపోయాయి. చేనంతా బోడిగా ఉంది, తూర్పు వైపు మాత్రం ఒకే ఒక్క జొన్న సాలు, కంకులతో నిలబడి ఉంది. పిట్టలు వాలి గోల గోల చేస్తున్నాయి.

“అవ్వా, గా ఒక్క సాలు ఎందుకు ఇడిచినవ్?” అని ఆపా అడిగారు.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని ఆపాను కిందనుంచి పైదాకా చూసింది. “అడగంగనే చెప్తరా? ముందుగాల కూసో,” అంది. కూర్చున్నాం. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టింది. తిన్నాం. వాళ్లిద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి, ఆ ఏడు చలి గురించి, ఎవరి తమ్ముడు మంచివాడు అన్న సంగతి గురించి పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నారు. ఆటో వచ్చేసింది. ఆపా లేస్తూ, “మరి సాలు సంగతి?” అన్నారు. “విత్తనాలప్పుడు రా, చెప్త,” అంది అవ్వ.

విత్తనాలప్పుడు పోయాం. అవ్వ గొర్రు వెనక నడుస్తూ విత్తనం పోస్తోంది. ఆపా కూడా చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని కొంతదూరం వెనకే నడిచారు. మళ్లీ రొట్టె, మళ్లీ కబుర్లు. “చేతినిండ పనున్నది, గిప్పుడేం చెప్త? కోతలకు రా.” కోతలకు పోయాం. “ఏమో బిడ్డా, యాదికొస్తలేదు. విత్తనాలకు రా, యాది చేసుకుంట.” నాకు తిక్క రేగింది. దారిలో ఆటోలో పేలిపోయాను.

“ఆపా, గా ముసల్ది మనల్ని ఆడిస్తున్నది. ఎందుకు ఇడుస్తదో ఆమెకే తెల్వదు.”

“ఆడనీ. మనకేం తొందర ఉన్నది?”

“పట్టిక ఆగిపోయింది గదా!”

“పట్టిక ఎటు పోతది బేటా? జర ఆగు.”

పట్టికలో ఆ ఊరి చివరి వరసలో ‘ఎందుకు’ గడి అట్లాగే ఉండిపోయింది. వేరే ఊళ్ల గడులన్నీ నిండాయి. అది ఒక్కటే తెల్లగా ఉండేది. దాన్ని దిద్దుతుంటే ఓసారి చిన్న తమాషా జరిగింది. ఆపా చేతులతోనే గట్టు చెరిగిపోయింది. పక్క గడిలో ఉన్నది ఇటు జరిగింది. ఆ పక్క గడిలో ‘చెప్పింది అవ్వ, అడిగింది ఆపా’ అని ఉంటుంది గదా, అది వచ్చి ‘ఎందుకు’ కింద కూర్చుంది. జొన్న సాలు కోయకుండా ఎందుకు వదులుతారు? అవ్వ, ఆపా. “చూడున్రి, జవాబు దొరికింది!” అని నేను నవ్వాను. ఆపా నవ్వుతూనే నా చేతి మీద ఒక్కటి వేశారు. “గట్టు పెట్టు ముందు,” అన్నారు.

ఆ వికీలో పేజీలు సరిచూసే ఒకాయన ఉన్నారు. మంచివారే, ఎక్కడో పట్నంలో ఉంటారు. మా పట్టిక బాగుందని మెచ్చుకుని, ఆ ఒక్క గడి అసంపూర్ణంగా కనిపిస్తోంది, అక్కడ ‘వర్తించదు’ అని రాసేయండి అని చర్చా పేజీలో రాశారు. నేను సంతోషంగా రాసేయబోయాను. ఆపా ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు టైపు చేశారు. “వర్తిస్తుంది. మాకు ఇంకా తెలియదు. కోతలకు పోతాం.”

ఈ కోతలకు పోదామనే అనుకున్నాం. చలి మొదలైనప్పటి నుంచి ఆపాకు ఆయాసం. నాలుగు అడుగులు వేస్తే గోడ పట్టుకునేవారు. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయారు, గుండె బలహీనంగా ఉందన్నారట, మందులిచ్చి పంపారు. వచ్చిన మరునాడే నన్ను పిలిచారు. మంచం మీద దిండ్లు ఆనించుకుని కూర్చుని ఉన్నారు. మొహం పీక్కుపోయింది, గొంతు మాత్రం బడి గొంతే. “చదువు,” అన్నారు.

“ఇయ్యాల్టికి ఒద్దు ఆపా. పండుకోన్రి.”

“నేను వినేది చెవులతోని. గుండెతోని కాదు. చదువు.”

చదివాను. ఊరూరూ, గడిగడీ. కంది, పుంటికూర, కలుపు రోజుల కూరకు. “హా.” శనగ, కుసుమ, గొడ్లు రాకుండా. “హా.” అవ్వ వరస వచ్చింది. జొన్న. “హా.” తూర్పున ఒక సాలు, కోయకుండా. “హా.” ఖాళీ. ఈసారి ఆపా వెంటనే ‘హా’ అనలేదు. కళ్లు మూసుకునే నవ్వారు.

“కోతలెప్పుడు?”

“ఇంకా ఉన్నయి ఆపా. కంకి గట్టివడాలె.”

“అవ్వకు ఏం తీసుకపోదాం? పోయినసారి ఖర్జూరాలు మంచిగ తిన్నది. పండ్లు లేకున్న నమిలింది.” ఆగి, ఊపిరి తీసుకుని, “హా,” అన్నారు.

అంతే. నేను విన్న చివరి ‘హా’ అదే. కంకులు గట్టిపడక ముందే ఆపా పోయారు.

తర్వాతి ఆదివారాలు ఎట్లా గడిచాయో ఏం చెప్పను. పొద్దున చాయ్ తాగి అలవాటుగా చెప్పులేసుకునేదాన్ని, గల్లీ సగం దాటాక గుర్తొచ్చేది. ఫ్యాక్టరీలో చార్టు గీస్తుంటే చెవిలో ‘అడిగినవా?’ అని వినబడేది. ఒకరోజు మా మేనేజరుతో, ఈ అంకె ఎక్కడినుంచి వచ్చింది సార్, ఎవరినైనా అడిగారా అన్నాను. ఆయన బిత్తరపోయాడు. నాకు ఆపా కావాలి. సరదాగా కాదు, గౌరవంగా కాదు, ఆకలైనట్టు కావాలి. ఎదురుగా కుర్చీలో వాలి, కళ్లు మూసుకుని, నేను చదివేది వినాలి. మా ఆయన పాపం ఓసారి, “నాకు చదివి వినిపించు,” అన్నాడు. రెండు గడులు విని, “మంచిగుంది, మంచిగుంది,” అన్నాడు. ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆపా తమ్ముడు ఆ ల్యాప్‌టాప్ నాకే ఇచ్చేశారు. “ఆపా కోతలకు పోవాలె అన్నది. నువ్వు పోతవా బేటా?” అన్నారు. వెళ్లకూడదనే అనుకున్నాను మొదట. ఆమె లేకుండా ఆ ఆటో ఎక్కడం ఎట్లా? కానీ ‘కోతలకు పోతాం’ అని ఆమె రాసిన మాట చర్చా పేజీలో అట్లాగే ఉంది, లోకమంతా చూసేట్టు. అవ్వ చెప్తే ఆ గడి నిండుతుంది, ఆపా పని పూర్తవుతుంది. నేను ఆపాకు చేయగలిగింది ఇంకేముంది? ఒక ఆదివారం ఖర్జూరాలు కొనుక్కుని బయలుదేరాను.

చేను కోసేసి ఉంది. తూర్పున ఒక్క సాలు నిలబడి ఉంది, పిట్టలతో సహా. అవ్వ జొన్నకట్టల నీడన కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని నా వెనక దారి వైపు చూసింది. కాసేపు అట్లాగే చూసింది.

“ఆపా రాలే?”

చెప్పాను. ఆటోలో వస్తూ పదిసార్లు మనసులో చెప్పుకున్న మాటే, నోట్లోంచి ముక్కలై వచ్చింది. అవ్వ ఏడవలేదు. చేతిలో ఉన్న జొన్న కంకిని తిప్పుతూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా ఆ కట్టల మాటు నుంచి రొట్టె మూట తెచ్చింది. ముగ్గురు మనుషులకు సరిపడా చేసింది, కోతలకు వస్తామన్నాం గదా. ఆపాకని చేసిన రొట్టెలు నా ముందు పెట్టింది. తినకపోతే ఊరుకోలేదు. నేను ఏడుస్తూనే తిన్నాను.

ఆటో హారన్ వినబడుతుండగా అడిగాను. “అవ్వా, గిప్పుడన్న చెప్పు. గా సాలు ఎందుకు ఇడుస్తవ్?”

అవ్వ ఆ సాలు వైపు చూసింది. “మా అత్త ఇడిసేది, నేను ఇడుస్తున్న. ఎందుకో నాకు తెల్వకనా? ఆపా మొదటిసారి అడిగిన నాడే చెప్పనీకి వస్తుండె.”

“మరి?”

“చెప్పేస్తె పని అయిపాయె. ఇగ మళ్ల ఎందుకొస్తది బిడ్డా? నా చేన్ల కాడికి ఎవలొస్తరు?”

అన్ని ఆదివారాలూ, ఆ ఆటోలూ, నా విసుగూ అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది. ఆటోలో నేను కస్సుమన్నప్పుడల్లా ఆపా నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ‘ఆడనీ’ అన్నారు. ఆమెకు తెలుసా? తెలిసే వచ్చేవారా? అడుగుదామంటే ఆపా లేరు.

“ఇప్పుడు చెప్పు అవ్వా,” అన్నాను. “ఆపా కోసం చెప్పు.”

అవ్వ నా గదవ పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. ఆమె కళ్లు అప్పుడు తడిసి ఉన్నాయి.

“నువ్వు మళ్ల వస్తవా?”

“వస్త.”

“ఒట్టు?”

“ఒట్టు అవ్వా.”

“అయితె విత్తనాలప్పుడు చెప్త. పో, ఆటో పోతది.”

ఆ ఆదివారం సాయంత్రమే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆపా ఇంటి ముందుగదిలో కాదు, మా వరండాలో. ఎదురుగా కుర్చీ వేసుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. గిర్ని నడుస్తోంది. పేజీ తెరిచి అవ్వ వరస దాకా వచ్చి, ఒక పని చేశాను. ఖాళీ గడి ముందున్న గట్టు చెరిపేసి, సేవ్ చేయకుండా ప్రివ్యూలో చూశాను. అది నాకు తప్ప ఇంకెవరికీ కనబడదు. పక్క గడి జరిగొచ్చింది. కోయకుండా ఎందుకు వదులుతారు? చెప్పింది అవ్వ, అడిగింది ఆపా. ఆనాడు ఇద్దరం నవ్వింది దీనికే. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. చూసి, గట్టు మళ్లీ పెట్టాను.

సేవ్ చేసే ముందు అలవాటు ప్రకారం పైకి చదవడం మొదలుపెట్టాను. జొన్న. తూర్పున ఒక సాలు. కోయకుండా.

“ఖాళీ,” అని చదివి ఆగాను. ఎదురుగా కుర్చీ వైపు చూస్తూ కాసేపు ఆగాను.